కొంగులో చుట్టిన క్యాసెట్టు

ఇంట్లో పాత వీసీఆర్ టేపుల్ని నమిలేస్తోందని, కొత్తది కొనడానికి ఉదయగిరిలో నెల్లూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ, కొంగులో చుట్టిన క్యాసెట్టుతో కూర్చుంది. ఆవిడా వీసీఆర్ కోసమే వెళ్తోందట.

“షాపోళ్ల కొత్త క్యాసెట్టుకి ఏ మిషన్లోనైనా బొమ్మ బాగానే పడతాది. పోయిన మా ఆయన చర్చిలో పాడింది దీంట్లో ఉండాది. ఆయన మొకం, గొంతు తేటగా వస్తేనే మిషను కొనేది. నువ్వేం తెచ్చినావు అబ్బయ్యా?”

నా చేతిలో ఖాళీ సంచి ఉంది. చెల్లెలి పెళ్లిలో మా నాయన నవ్విన క్యాసెట్టు ఇంట్లో బీరువాలో ఉంది. ఆయన నవ్వు ఇక మాకు దాంట్లోనే మిగిలింది.

ఆత్మకూరులో బస్సు దిగేశాను.

“నెల్లూరు ఇంకా రాలేదు సార్” అన్నాడు కండక్టరు.

“తెలుసు. ఉదయగిరి బస్సు ఎప్పుడుండాది?” అన్నాను.