కృప ఎడమచెయ్యి

నా మనవరాలు కృపారాణికి కాదనడం రాదు. పుస్తకం పట్టుకుని కూర్చున్నప్పుడు పక్కింటివాళ్ళు చంటిపిల్లను ఒళ్ళో పడేసి పోయినా ఊరుకుంటుంది. నేను బడికి పోయింది రెండో తరగతి దాకే గానీ, నోరు మాత్రం దేవుడు నిండుగా ఇచ్చాడు. అందులో సగం దానికి ఇచ్చి ఉంటే ఇంత జరిగేది కాదు.

మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. కృప కామారెడ్డి హాస్టల్లో ఉండి బైపీసీ చదివింది. వ్యవసాయ కాలేజీలో సీటు కావాలని దాని పట్టు. మా వరికి తెగులొస్తే, మందుల దుకాణంవాడు ఏ డబ్బా ఇస్తే అదే తెచ్చి కొడతాడు నా కొడుకు దేవన్న. "ఏ మందు కొట్టాల్నో రేపు నన్నడిగి కొంటవ్ బాపూ" అనేది కృప. ఎండాకాలమంతా రేకుల కింద చెమటలు కారుతూ ఎంట్రన్స్‌కు చదివింది.

పరీక్ష నిజామాబాద్‌లో. ఆ మర్నాడే మా ఊళ్ళోనే ఉన్న నా కూతురింట్లో పెండ్లి. ఆమెను బుజ్జి అంటాం, పేరుకే బుజ్జి, నలభై దాటాయి. తన బిడ్డ అనిలకు తేదీ పెట్టేటప్పుడు పిల్లకు పరీక్ష ఎప్పుడని ఒక్కరూ అడగలేదు.

పరీక్ష ముందురోజు నేను చర్చి దగ్గర పందిరి పని చూసి వచ్చేసరికి, కృప చెయ్యి బుజ్జి ఒళ్ళో ఉంది. వేళ్ళ కొసల దాకా మెహందీ.

"ఏందే ఇది? పరీక్షకు చేతులకేం పెట్టుకోవద్దని పిల్ల చెప్పలేదా?"

"చెప్పింది. పెండ్లింట్ల చెయ్యి ఉత్తగుంటే నలుగురేమంటరవ్వా?" అంది బుజ్జి.

దేవన్న అడ్డమొచ్చాడు. "ఎడమచేతికే పెట్టుమన్న అవ్వా. పరీక్షల బటన్లొత్తేది కుడిచేత్తోనే గద. అటు చెల్లె మాట నిలవడ్డది, ఇటు బిడ్డ మాట నిలవడ్డది."

తీర్పు చెప్పిన పెద్దమనిషిలాగా నిలబడ్డాడు.

"భూమి రిజిస్ట్రేషన్ నాడు ఏ వేలు ఒత్తినవ్‌రా?"

వాడు తన ఎడమ బొటనవేలు వంక చూసుకున్నాడు.

సబ్బుతో కడిగాం, బూడిదతో తోమాం. నిమ్మకాయ రుద్దితే ఇంకా ఎర్రబడింది. "ఎంత మంచిగ పండిందో" అంది బుజ్జి. నా కడుపున పుట్టిందే ఈ మాట అంది.

పొద్దున నేనూ దేవన్నా కృప వెంట నిజామాబాద్ పోయాం. సెంటర్ గేటు దగ్గర, నేను అనుకున్నట్టే, ఎడమ బొటనవేలే అడిగారు. వేలిముద్రల మిషన్ తీసుకోలేదు. మళ్ళీ పెట్టించారు, మళ్ళీ తీసుకోలేదు. "పక్కకు నిలబడమ్మా" అన్నాడు అక్కడి ఉద్యోగి. నిలబడమంటే నిలబడింది కృప. వెనక వచ్చిన పిల్లలంతా దాన్ని దాటుకుని లోపలికి పోతున్నారు. గేటు మూసే వేళవుతోంది.

గేటు ముందు కట్టిన తాడు ఇవతలి నుంచి నేనే గొంతెత్తాను. "సారూ, తప్పు పిల్లది కాదు. దీని అయ్యది. ఇగో, ఈనే. కావాలంటే ఈన్ని పక్కకు నిలవెట్టు."

జనమంతా దేవన్నను చూశారు. చూడనీ అనుకున్నాను. ఆఖరికి ఎవరో పెద్ద అధికారి వచ్చి, కృప ఫొటో తీయించి, సంతకం పెట్టించుకుని పంపాడు. అందరికన్నా చివర లోపలికి పోయింది నా మనవరాలు.

బయటికొచ్చాక "ఎట్ల రాసినవే?" అని అడిగాను.

"మొదటి ప్రశ్న నాలుగుసార్లు చదివిన. తర్వాత మంచిగనే రాసిన."

సాయంత్రం పెండ్లింటికి పోయాం. గడపలోనే బుజ్జి మెహందీ కోన్ పట్టుకుని ఎదురొచ్చింది. "పరీక్ష అయిపాయె గద. ఇగ కుడిచెయ్యి తే, జతైతది."

నేను నోరు తెరిచేలోపే కృప పిడికిలి బిగించింది. "వద్దత్తా. నిన్న గూడ వద్దన్న. ఇన్నవా?"

బుజ్జి బిత్తరపోయింది. దేవన్న మళ్ళీ మొదలుపెట్టాడు. "పోనీ బిడ్డా, ఒక్క వేలికన్న..."

"నువ్వు పెట్టించుకో బాపూ" అంది కృప.

ర్యాంకు ఇంకా రాలేదు. పెండ్లి ఫొటోలు మాత్రం వచ్చాయి. అన్నిటిలోనూ దాని కుడిచెయ్యి ఉత్తగానే ఉంది.