బయటి పెట్టెకు కోటు

మా బాబాయి దర్జీ. ఇంట్లో ఏ వస్తువైనా బట్ట లేకుండా కనిపిస్తే ఆయనకు ప్రాణం ఒప్పదు. మిక్సీకి ముసుగు, టీవీకి తెర, రిమోటుకు జేబుతో సహా చొక్కా! పెళ్లయిన కొత్తలో ఇవన్నీ చూసి పిన్ని మురిసిపోయేదట. ఇప్పుడు ఆవిడ సణుగుడు పై వాటాలో ఉన్న నాకు కూడా వినిపిస్తుంది.

యాభై దాటాక పిన్నికి ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి మొహం ఎర్రబడి చెమటలు కారిపోయేవి. కంటి మీద కునుకు లేదు. "ఏసీ పెట్టించకపోతే మా అక్క దగ్గరికి పోతాను, మళ్లీ రాను" అని తేల్చి చెప్పేసింది. పిన్ని అన్నదంటే చేస్తుంది. బాబాయి గుండెల్లో రాయి పడింది. ఆవిడ లేకపోతే ఆయనకు పూట గడవదు. సూదిలో దారం ఎక్కించిపెట్టేది కూడా ఆవిడే.

మెడలో టేపు వేసుకుని, నన్ను వెంట లాక్కుని దుకాణానికి బయల్దేరాడు. గది కొలతలు విని దుకాణదారుడు ఒక టన్ను చాలన్నాడు.

"కాస్త వదులుగా ఉండేది ఇవ్వు బాబూ. లోపల మడత ఉంటే రేపు విప్పుకోవచ్చు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "గది ఎదగదు బాబాయ్!" అని గసిరితే గానీ దారికి రాలేదు.

ఏసీ బిగించాక పిన్ని హాయిగా నిద్రపోయింది. బాబాయి వారం వారం ఫిల్టర్లు విప్పి, పసిపిల్లకు పోసినంత ముద్దుగా నీళ్లు పోసేవాడు. ఇంతలో ఏం మాయరోగం వచ్చిందో, కాసేపు చల్లగా వీచి, ఆపైన ఉక్కగాలి కొట్టడం మొదలుపెట్టింది. మెకానిక్‌కు ఫోను చేస్తే "రేపొస్తా" అంటాడు. ఆ రేపు రాదు. పిన్ని బట్టలు సర్దుకుంది.

మోకాళ్ల నొప్పులని ఆవిడ డాబా ఎక్కదు. బట్టలు ఆరేసేది, తెచ్చేది బాబాయే. ఆ పూట మాత్రం చీరలు తెమ్మంటే కదలడే!

"నీ చీరలింకా ఆరలేదే" అని నసిగాడు.

"ఈ ఎండకి మనుషులే ఎండిపోతుంటే చీరలు ఆరలేదా?" అంటూ పిన్ని తనే మెట్లెక్కింది. వెనకాలే మేమూ పరిగెత్తాం.

డాబా మీద ఏసీ బయటి పెట్టె వానకోటు తొడుక్కుని కూర్చుంది. కాలరు, గుండీలు, ఫ్యానుకు అడ్డంగా రెండు పొరల గుడ్డ. ఫిట్టింగు మాత్రం, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతం. పిన్ని దాని మీద చెయ్యి వేసి చురుక్కుమంటే వెనక్కి లాక్కుంది.

"అయ్యో నా తల్లీ! నీకూ నా ఆవిర్లే వచ్చాయా?" అని బాబాయి వైపు తిరిగింది. "లోపల కుతకుత ఉడికిపోతుంటే కోటేసి గుండీలు పెడతారా? దీని వేడి ఎటు పోవాలండీ?"

"దుమ్ము పడితే పాడైపోతుందని... పాడైతే నువ్వు వెళ్లిపోతావని..." బాబాయి కోటు కాలరు సర్దుతూ అన్నాడు. అప్పటిదాకా నవ్వాపుకుంటున్న నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిన్ని ఒక్కో గుండీ విప్పి, కోటు తీసి ఆయన చేతిలో పెట్టింది.

సాయంత్రానికి గది చల్లబడింది. పిన్ని మంచం మీద వాలింది. లోపలికి వెళ్లే ధైర్యం లేక బాబాయి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"తలుపెయ్యండి, చల్లదనమంతా పోతోంది" అంది పిన్ని.

ఆయన బుద్ధిగా బయట నిలబడే తలుపు లాగేశాడు. లోపల్నుంచి కేక వినపడింది.

"బయట నించోమన్నానా? లోపలికొచ్చి వెయ్యండి!"