పొడుగు గొట్టాలు, పొట్టి బుద్ధి

ఎనిమిది గొట్టాలతో ఒక మనిషి తన పరువునూ, యజమాని కారునూ, సంఘం చేసుకునే శుక్రవారం ఆరాధననూ ఒకే పూట ఎలా నాశనం చేయగలడో తెలుసుకోవాలంటే మీరు నా దగ్గరికే రావాలి. కువైట్ మొత్తం మీద ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు.

మాది రాజంపేట పక్కన. పద్నాలుగేళ్లుగా షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యంలో పెరిగినవాణ్ణి. అసూయ గురించి ఎక్కడెక్కడ ఏమేం రాసుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అన్న కానుకను పక్కనపెట్టి తమ్ముడి కానుకను దేవుడు లక్ష్యపెట్టిన కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఆ అన్నను గట్టిగా తిట్టేవాణ్ణి. ప్రసాదు వచ్చాక ఆ అన్న మీద నాకు కాస్త జాలి మొదలైంది.

ప్రసాదుది అమలాపురం వైపు. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. గ్యారేజీలో నా పక్కనే పని, ఫర్వానియాలో మేం ఆరాధనకు కూడుకునే ఫ్లాటులోనూ నా పక్కనే కుర్చీ. వాడు పాడితే ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. నేను సాక్ష్యం చెబితే గడియారం చూసుకుంటారు. గ్యారేజీలోనూ అదే తంతు. వాడు బోల్టు బిగిస్తే "మాషాల్లా". నేను ఇంజిన్ దింపి ఎక్కించినా "యల్లా, ఇంకో బండి చూడు".

మా యజమాని అబూ సాలెంను మేమంతా బాబా అంటాం. ఆయనకు తండ్రి వదిలిపోయిన పాత అమెరికన్ కారు ఒకటుంది. దున్నపోతంత ముక్కు, ఎనిమిది సిలిండర్లు. ఒకరోజు మా ఇద్దర్నీ పిలిచాడు. అరబ్బీ, హిందీ కలగలిపి మేం మాట్లాడుకున్నది మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"దీనికి కొత్త హెడర్లు వేయించాలి. మన ఫోర్‌మన్ వచ్చే నెల ఊరికి పోతున్నాడు, ఖలాస్, ఇక రాడు. ఈ పని సరిగ్గా చేసినవాడే కొత్త ఫోర్‌మన్. చెప్పండి, పొట్టివా, పొడుగువా?"

హెడర్లంటే ఇంజిన్ లోంచి పొగను లాక్కుపోయే ఉక్కు గొట్టాలు, సిలిండరుకొకటి. పొడుగువి వేస్తే బండికి బలమూ పెరుగుతుంది, గొంతూ పెరుగుతుంది. కాకపోతే పందిరికి కాసిన పొట్లకాయల్లా కిందికి వేలాడతాయి.

"పొట్టివి" అన్న మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. అంతలో ప్రసాదు అందుకున్నాడు.

"పొట్టివేనండి బాబా. పొడుగువైతే స్టీరింగు రాడ్డుకి తగుల్తాయండి. ఏసీ కంప్రెసరుకి చోటుండదు. స్పీడు బ్రేకరు వస్తే కింద రాసుకుంటాయండి."

బాబా మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆ ఊపు నా గుండెలో ఏ బోల్టు ఊడదీసిందో గానీ, నాలుక చివరి మాట గిరుక్కున తిరగబడింది.

"పొడుగువే బాబా," అన్నాను. "ఇంత మగబండికి పొట్టి గొట్టాలేంది? పొడుగువేస్తే సౌండు సాల్మియా దాకా ఇనపడ్తాది."

ఈ మాటకు పడిపోని బండి యజమాని భూమ్మీద పుట్టలేదు. బాబా అదే రోజు అమెరికా నుంచి తెప్పించమన్నాడు.

ప్రసాదు నన్ను పక్కకు పిలిచాడు. "అన్నయ్యా, ముందోసారి కొలిచి చూద్దామాండి?"

"కొల్సేదేంది అబ్బీ. నువ్వు పో, పోయి పాట ప్రాక్టీసు చేసుకో."

గొట్టాలు వచ్చాయి. గొట్టం దూర సందు లేదు, మెడకు ఇంకో ఏడు గొట్టాలు. ఏడ్చేవాడి ఎడమ పక్కన కూర్చోకూడదంటారు. ఆ బండిలో స్టీరింగు కూర్చుంది సరిగ్గా ఎడమ పక్కనే. ఆ శుక్రవారం సంఘంలో లేచి, "నా చేతి పనికి దారి సరాళం కావాలని ప్రార్థన చేయండి" అని కోరాను. ఎవరు చేశారనుకున్నారు? ప్రసాదే. ఎంత బాగా చేశాడంటే నాక్కూడా కళ్లు చెమర్చాయి. దాంతో నాకు ఇంకా మండింది.

దేవుడు దారి తెరవలేదు కాబట్టి నేనే సుత్తి తీసుకున్నాను. స్టీరింగు దగ్గర గొట్టాన్ని సొట్ట కొట్టాను. ఏసీ కంప్రెసరును ఊడదీసి మూల పెట్టాను.

"ఏసీ ఎక్కడ?" అన్నాడు బాబా.

"బరువు తగ్గించినా బాబా. బండి ఎగురుతాది."

జూలై నెల, కువైట్, ఏసీ లేని కారు. ఇక నా బుద్ధి గురించి వేరే చెప్పాలా?

అక్కడితో ఆగినా బాగుండేది. మరుసటి శుక్రవారం పొద్దున బాబా బండి తీస్తుంటే, "నన్ను ఫర్వానియాలో దించండి బాబా, మా వాళ్లు కూడా చూస్తారు" అన్నాను. నిజం చెబుతాను, చూడటం కాదు, వినాలి. మూడో అంతస్తులో ప్రసాదు పాడుతుండగా ఆ పాట నా గొట్టాల కింద మునిగిపోవాలి.

దారంతా కాళ్ల కింద రేకు పెనంలా కాలింది. బాబా తలగుడ్డ పిండితే బిందె నిండేది. మా వీధి మలుపు తిరిగాం. పైనుంచి ప్రసాదు గొంతు వినిపించింది. "బాబా, ఇంగ కొంచెం తొక్కండి" అన్నాను. ఆయన తొక్కాడు. ఎదురుగా స్పీడు బ్రేకరు.

ముందు చక్రాలు దాటాయి. గొట్టాలు దాటలేదు. ఒడ్డున పడ్డ తాబేలులా కారు దాని మీద బోర్లా పడుకుని గర్జించడం మొదలుపెట్టింది. పాట ఆగింది. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. కిటికీలన్నిట్లో తలలు, మెట్లనిండా సంఘం.

"జుమా నమాజుకు టైమవుతోంది," అన్నాడు బాబా చెమట తుడుచుకుంటూ.

మా సంఘకాపరి దేవదానం అయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచారు. "నేను స్తోత్రం అనంగానే అందరూ ఎత్తండి." నాలుగు స్తోత్రాలకు కారు నేల మీదికి దిగింది. అందరికంటే ముందు భుజం పెట్టింది ప్రసాదు.

"పొట్టివి వేయమన్నది నువ్వే కదా," అన్నాడు బాబా వాడితో.

"ఆ తెలివి నాది కాదండి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ అన్నయ్యే ఓ పాత బండి కింద పడుకోబెట్టి చూపించాడండి. స్టీరింగు, ఏసీ, స్పీడు బ్రేకరు, అన్నీ ఈయన నేర్పినవే. ఆ పాఠమే మీకు ఒప్పజెప్పానండి."

బాబా నా వైపు తిరిగాడు. "మరి నువ్వు పొడుగువి ఎందుకన్నావు?"

అబద్ధానికి చోటు వెతికాను. ఒక పక్క అయ్యగారు, ఇంకో పక్క సంఘం, మధ్యలో ఆవిరి కక్కుతున్న కారు.

"వాడు ముందే చెప్పేసినాడు బాబా."

శనివారం ప్రసాదు ఫోర్‌మన్ అయ్యాడు. వాడు చెప్పిన మొదటి మాట, "అన్నయ్యా, పొట్టి గొట్టాలు మీరే బిగించండి. మీ అంత బాగా ఇంకెవరికీ రాదండి." వాడి పాటనైనా భరించవచ్చు గానీ, వాడి మంచితనాన్ని భరించడం మహా కష్టం.

కాబట్టి దేవుని ఎదుటా, సంఘం ఎదుటా, చదువుతున్న మీ ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్రసాదు నాకంటే ముందు సరైన మాట చెబితే, నోరు మూసుకుని ఒకసారి "ఆమేన్" అంటాను. ఎప్పుడైనా తప్పు మాట చెబితే, ప్రభువు నన్ను క్షమించుగాక, రెండుసార్లు అంటాను.