పసుపుకు జాగా

చిట్యాల ప్రెస్ చాచా పోయారు. శుక్రవారం పొద్దున మా తమ్ముడు ఫోన్ చేసి, "చాచా పోయిండక్కా. జుమ్మా నమాజు అయినంక మట్టి ఇస్తరట" అన్నాడు. ఆ సమయానికి నేను హైదరాబాదులో, ఒక దగ్గుమందు డబ్బా మీద అక్షరాలు ఇంకా పెద్దవి ఉండాలని ఎవరితోనో వాదిస్తున్నాను. వాదన అక్కడే వదిలి బస్సెక్కాను. చేరేసరికి అంతా అయిపోయింది. ఆయనది పెద్ద వయసే, జబ్బూ పాతదే, కాబట్టి ఉలిక్కిపడవలసింది ఏమీ లేదు. అయినా బాధగా ఉంది. నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిది. అందుకే ఈ నాలుగు మాటలు.

తొంభైల నడుమ సంగతి. హైవే పక్కన ఆయన ప్రెస్సు. పెండ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, కరపత్రాలు వేసేవారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే కాలం చెల్లిపోతోందని తెలిసి, ధైర్యం చేసి ఒక కంప్యూటర్ తెచ్చారు. దాని కోసం ఒక మూల చెక్కగది కట్టించి, కర్టెన్ వేయించి, చెప్పులు బయట విడవాలని బోర్డు పెట్టారు. చాచీ పాత పరదా గుడ్డతో దానికి గలీబు కుట్టింది. నేర్పడానికి పట్నం నుంచి వచ్చినతను కొద్దిరోజులకే వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. కంప్యూటర్ ఆ గలీబు కిందే ఉండిపోయింది.

మాది మగ్గాల ఇల్లు. చీర అంచుకు వేసే పువ్వులను బాపు గళ్ల కాగితం మీద గీసేవాడు. ఆ గళ్లు నింపడం నా పని. ఇంటర్ అయి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నేత సంఘం రసీదు పుస్తకాల కోసం బాపుతో ప్రెస్సుకు వెళ్లాను. చాచా నన్ను చూసి, "బిడ్డా, ఇంటర్ సదివినవు గద. దీని కితాబు ఇంగ్లీషుల ఉన్నది. జర సదివి చెప్పు, గిది ఏమంటాందో" అన్నారు.

కితాబు చూస్తూ, మీటలు నొక్కుతూ కూర్చున్నాను. సాయంత్రానికి బొమ్మను బాగా పెద్దది చేసి గళ్లుగా చూసే ఉపాయం దొరికింది. తీరా చూస్తే అది మా బాపు కాగితమే. ఒక్కో గడీ నల్లగా నింపుకుంటూ మా ఇంటి అంచు పువ్వు గీశాను. బాపు, చాచా వెనక నిలబడి చూశారు.

"భాయ్, మీ మగ్గం గిందుల దూరింది" అన్నారు చాచా.

మర్నాటి నుంచి నేను అక్కడే పని.

ప్రూఫు చేతికిస్తే ఆయన ముందు తలకిందులుగా పట్టుకునేవారు. తెలుగు రాక కాదు. "అక్షరం సదువుకుంట కూసుంటె జాగా కనవడది" అనేవారు. ఎంత బాగా చేసినా "నడుస్తది" అన్న మాటే. పని బాగుంటే ఒక తీరుగా, బాగా లేకుంటే ఇంకో తీరుగా అనేవారు. ఏది ఏదో పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

కంప్యూటర్ మీద చేసిన మొదటి పెండ్లి పత్రికను మాత్రం ఇద్దరం కలిసి ఆగం చేశాం. లతలు, కలశాలు, హంసలు, ఏది వేస్తే అది పడుతోంది. "ఇంకో హంస పెట్టు బిడ్డా" అని చాచా పక్కనుంచి ఉసిగొల్పుతున్నారు. నాలుగు మూలలా నిండుగా పువ్వులు కూర్చాను. ప్రూఫు చూడడానికి పెండ్లివారి అవ్వ వచ్చింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మంచిగనే ఉన్నది గని, పసుపు యాడ పెట్టాలె?" అంది.

పత్రిక మూలలకు పసుపు పెట్టనిదే మా వైపు ఎవరూ పంచరు. సీసపు అక్షరాలతో అచ్చువేసినన్నాళ్లూ ఆ మూలలను ఖాళీగా వదిలిన మనిషే చాచా. నెత్తి కొట్టుకుని పడి పడి నవ్వారు. "మిషిన్ వచ్చిన సంబురంల చెయ్యిని మరిచినం బిడ్డా!"

ఆ ఒక్క మాట మీద నేను ఇన్నేళ్లుగా బతుకుతున్నాను. మందు డబ్బా అయినా, ఫోన్ తెర అయినా, ఎవరి చేయి ఎక్కడ పడుతుందో ముందు అదే చూస్తాను. కాలేజీలో దీనికి పెద్ద పెద్ద పేర్లు చెప్పారు.

ఆ కాలేజీ సంగతి కూడా చాచా చలవే. పట్నంలో డిజైన్ నేర్పే కోర్సు ఉందని పేపర్లో చూసి, బాపును పిలిపించారు. అప్పటికి సీసపు అక్షరాలు అమ్మేశారు. ప్రెస్సుకు వచ్చే పనంతా కంప్యూటర్ మీదే, అది నాకు తప్ప ఇంకొకరికి రాదు. వెళ్లాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. అడగడానికి నోరు రావడం లేదు.

బాపు ఒప్పుకోలేదు. "ఈడ మంచిగ పని దొరికింది గద భాయ్. పట్నం ఎందుకు?"

"నా కాడ ఉంటె జిందగీ అంత గీ పెండ్లి పత్రికలే చేస్తది. నాకు తెల్సింది అయిపోయింది. పోనియ్యి."

బాపు చెక్కగది వైపు చూశాడు. "మరి నీ మిషిన్ ఎవలు నడుపుతరు?"

"దాని ఫికర్ నాకిడువు. దొరుకుతరు ఎవలో ఒకలు."

ఎవరూ దొరకలేదు. పత్రికల పని చాలావరకు నల్లగొండ ప్రెస్సులకు పోయిందని ఎన్నాళ్లకో బాపు చెబితే తెలిసింది. చాచా ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. సెలవులకు వెళ్లినప్పుడల్లా కాలేజీలో ఏం నేర్పుతున్నారని మాత్రం అడిగి, ఓపికగా వినేవారు.

నేను పట్నం వెళ్లిన పొద్దున బస్సు ప్రెస్సు ముందే ఆగింది. బాపు పెట్టె ఎక్కించాడు. చాచా బస్సు దాకా రాలేదు, లోపల పనుందన్నారు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. చెక్కగది కర్టెన్ పక్కకు జరిపి ఉంది. నా కుర్చీలో చాచా కూర్చుని ఉన్నారు. ఆయన అందులో కూర్చోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని, మీటల మీదికి వంగి, ఒక్క వేలు చాచి, ఏదో అక్షరం కోసం వెతుక్కుంటున్నారు.