వరిగడ్డి దులిపి పోర్చుగల్‌కు పంపిన బొమ్మ

పోర్చుగల్‌లో ఇనేష్ అనే ఆమె వేసిన చేపల రేవు బొమ్మ మూడు వారాల క్రితమే బళ్లారి జిల్లా సిరుగుప్పలో మా ఇంటికి చేరింది. బదులుగా నేను వరి కోసే ఆడవాళ్ల బొమ్మ ఆమెకు పంపాలి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లం కొందరం దేశాల మధ్య చేసుకుంటున్న మార్పిడి ఇది. నెలాఖరులోగా పోస్టు రసీదు చూపించకపోతే, అందుకున్న బొమ్మను తిరిగి పంపేయాలి. కౌంటరు ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు బెరుకు. అలా రోజులు జరుపుతూ వచ్చి, చివరికి నెలాఖరు రోజునే బయలుదేరాను.

పెట్టె సర్దింది నాన్న. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించే మా ఇళ్లలో ఏది పంపినా గడ్డిలోనే సర్దుతారు. "మీ అమ్మ గాజు సామానంతా తెనాలి నుంచి లారీలో గడ్డిలోనే వచ్చింది. ఒక్కటైనా పగిలిందా?" అంటూ మెత్తగా నలిపిన గడ్డి పరిచారు. పైన తెల్లగుడ్డ చుట్టి నేను కుట్టాను. కాన్వెంటులో కుట్టు నేర్పిన సిస్టరు కూడా తప్పు పట్టలేని కుట్లు.

తొమ్మిదింటి బస్సుకు బళ్లారి గంటన్నర ప్రయాణం. ఆధార్ చూపిస్తే కర్ణాటక ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. "ఒళ్లో పెట్టుకోమ్మా, కోళ్లు గానీ ఉండాయా ఏంది?" అన్నాడు కండక్టరు. బొమ్మ అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. బస్టాండు నుంచి పెద్ద పోస్టాఫీసుకు ఆటో అరవై రూపాయలు. విదేశీ పార్శిళ్లు మూడింటి వరకే తీసుకుంటారు. వరుస చాలా పొడవు, నా వంతు వచ్చేసరికి ఒకటిన్నర.

లోపల చూశాకే తూకం అంది కౌంటరులోని మేడం. నా కుట్లు నేనే విప్పాను.

"ఏనమ్మా ఇది? బొమ్మకు మేతేసి పంపుతాండావా?"

వెనక వరుసంతా నవ్వింది. తర్వాత ఆమె నెమ్మదిగా చెప్పింది. "గడ్డి, గింజ, మన్ను ఏదీ పోగూడదమ్మా. ఆడ కస్టమ్స్‌లో పట్టుకుంటే బొమ్మ చేరదు. బ్రూస్‌పేటలో ఫ్రేములు కట్టే అంగడి ఉండాది, బేగ పో. మూడు దాటితే నాతో కాదు."

అంగడిలో ముసలాయన అప్పుడే అన్నం డబ్బా మూత తీశాడు. మామూలుగా అయితే ఆయన తినేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఆ రోజు మాత్రం, "తాతా, మూడింటికి పోస్టు మూసేస్తారు. ఇది పోకపోతే ఇంకొకరి బొమ్మ వెనక్కి పంపేయాలి," అనేశాను.

"అరె, అన్నం యాడికి పోతాది బేటీ, ఇట్ల తే!"

డబ్బా మూసి, పటాలు తుడిచే కుంచెతో గడ్డి నలుసులు ఒక్కొక్కటే దులిపాడు. ఒకచోట మాత్రం కుంచె మళ్లీ మళ్లీ ఆడించాడు. "ఈమె కొంగు మీద ఒకటుండాది సూడు, ఎంతకీ పోదు."

"అది నేను రంగుతో వేసిన గడ్డిపోచ తాతా."

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చూసి, పెద్దగా నవ్వాడు. "అయితే అదొక్కటీ పోతాది లే ఫారిన్‌కు!"

గాజు పటాలకు చుట్టే బుడగల కవరు, కొత్త అట్టపెట్టె, సూదీ దారం, అన్నీ కలిపి నూట ఇరవై తీసుకున్నాడు. మూడుకు పది నిమిషాలుండగా మేడం లోపల చూసి తలూపింది. అక్కడే బల్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, తెల్లగుడ్డ మళ్లీ చుట్టి వంకరటింకరగా కుట్టేశాను. పోస్టు ఖర్చు రెండు వేలకు కాస్త తక్కువ. ముద్ర పడిన చప్పుడు వినేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. మెట్ల మీదే కూర్చుని, మార్పిడి చూసుకునేవాళ్లకు రసీదు ఫోటో పంపాను.

ఇంటికి రాగానే మేకు కొట్టి ఇనేష్ బొమ్మ తగిలించాను. అంతదాకా అది నాదని అనుకోవడానికి మనసు ఒప్పలేదు. ఒక మనిషిని అన్నం ముందు నుంచి లేపడం కంటే ఒక బొమ్మను దేశం దాటించడమే తేలిక అనుకునేదాన్ని. రెండూ ఒకే రోజు జరిగాయి. బళ్లారి నుంచి బొమ్మ పంపాలనుకునేవారికి ఒక్క మాట: పెట్టెను ఇంటి దగ్గరే కుట్టేయకండి. తెరిచే తీసుకెళ్లండి, సూదీ దారం సంచిలో ఉంచుకోండి.