విద్యార్థి నిర్భయముగా తాకును

ఆ రోజుల్లో అమీర్‌పేట గోడల మీద కంప్యూటర్ అనే మాట ఇంకా కనబడేది కాదు. (ఇప్పుడు గోడే కనబడదు.) బి.ఎడ్. పూర్తిచేసి తెనాలి నుంచి కొత్తగా దిగిన నేను ఎస్.ఆర్. నగర్‌లో ఇద్దరమ్మాయిలతో గది పంచుకుంటూ, పంజాగుట్ట దగ్గర ఒక సందులోని ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఉద్యోగం టెంపరరీ. వేసవిలోగా పర్మనెంటు కాకపోతే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమని మా నాన్నగారు ముందే చెప్పి పంపారు. నాకేమో హైదరాబాదు తెగ నచ్చేసింది. అందుకే ఆ ఏడాదంతా నన్ను ఎవరు ఎందుకు పిలిచినా, ఉద్యోగం పోయిందని చెప్పడానికే పిలుస్తున్నారని గుండె దడదడలాడేది.

అలా వణుకుతూ బతుకుతుండగా మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. మా హెడ్‌మిస్ట్రెస్ (అందరం పెద్ద మేడం అనేవాళ్లం) దానికి ప్రత్యేకంగా ఒక గది ఇచ్చి, అందులో కూలర్ పెట్టించింది. కుట్టు టీచర్ కుచ్చుల ముసుగు కుట్టి తొడిగింది. చెప్పులు బయటే విడవాలి. తాళంచెవి పెద్ద మేడం నడుముకు వేలాడేది. రోజూ ఆవిడే స్విచ్ వేసి, "చూడుండ్రి, కానీ ముట్టకుండ్రి. ముట్టుకుంటే ఖరాబైతది" అని హెచ్చరించి గుమ్మంలో నిలబడేది. లెక్కలు వచ్చినవాళ్లకు కంప్యూటర్ కూడా రాకుండా ఎక్కడికి పోతుందని పాఠం నాకు అంటగట్టారు. నేను నల్లబల్ల మీద కీబోర్డు మీటలు గీసేదాన్ని. పిల్లలు వాటిని పరీక్ష అట్టల మీద గీసుకుని టకటకా కొట్టేవాళ్లు. ఏ అట్ట మీదా ఏ అక్షరమూ పడలేదు గనుక తప్పులు కూడా లేకుండా పాఠాలు హాయిగా సాగాయి.

ఒకనాడు పెద్ద మేడం నన్ను గదిలోకి పిలిచింది. "మేడం, వచ్చే వారం ఇన్‌స్పెక్షన్‌కు ఆఫీసర్ సారు వస్తుండు. కంప్యూటర్ పాఠానికి లక్ష్యాలు రాసియ్యుండ్రి. అవి చూసినంకనే మీ పర్మనెంటు సంగతి మాట్లాడుదం" అంది. ఇక నాకు అన్నం సయించలేదు. చూసి చూసి, మా సైన్సు మాస్టారు, అందరూ భాయ్ సార్ అని పిలిచే పెద్దాయన, "గింత ఫికర్ ఎందుకమ్మా? కంప్యూటర్ కొత్తది గానీ లక్ష్యాలు పాతవే కదా. బి.ఎడ్.ల రాసినట్టే రాసెయ్" అన్నాడు. నిజమే. బి.ఎడ్. చదివినవాళ్లకు ఏ పాఠమైనా ఒకటే పాట. జ్ఞానము: విద్యార్థి కంప్యూటరు భాగములను గుర్తించును. అవగాహన: కంప్యూటరుకు, టీవీకి గల భేదములు చెప్పును. ఇంతవరకు కలం పరుగెత్తింది. నైపుణ్యము దగ్గర ఆగిపోయింది. త్రిభుజాల పాఠమైతే 'చక్కని పటములు గీయును' అని రాసేదాన్ని. ఇక్కడేం రాయను? చివరికి, నా మనసులో ఏముందో అదే వచ్చేసింది: విద్యార్థి కంప్యూటరును నిర్భయముగా తాకును.

ఆఫీసరుగారు చెప్పులు బయట విడిచి మెత్తగా నడిచి వచ్చారు. నా కాగితం చదివి, "బాగుందమ్మా. ఒక్కొక్కటే చూద్దాం" అన్నారు. పిల్లలు భాగాలు గడగడా చెప్పారు. భేదాలు అడిగితే ముందు బెంచీ పిల్ల లేచి, "టీవీల ఆయితారం సినిమా వస్తది సార్. గిండ్ల ఏం రాదు" అంది. ఆయన తల ఊపి మూడోది చదివారు. "ఏదీ, తాకండి."

పిల్లలు పెద్ద మేడం వైపు చూశారు. పెద్ద మేడం నా వైపు చూసింది. నేను తెనాలి బస్సు కళ్లముందు కనబడుతుండగా, "వెళ్లండమ్మా" అన్నాను. వరస కట్టారు. ఒక్కొక్కరే వచ్చి, వేలికొసతో ఒక మీటను అలా తాకి, ఆ వేలిని కళ్లకద్దుకుని వెళ్లారు. కొందరు బిస్మిల్లా అని వేలిని ముద్దు పెట్టుకున్నారు. ఒకడు లెంపలు కూడా వేసుకున్నాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆఫీసరుగారు పెదవులు బిగించి, "మరి మీరు?" అన్నారు.

"నేనా సార్?"

"మీరు ఎప్పుడైనా తాకారా?"

లేదని తల ఊపాను. "రండి" అన్నారు. వెళ్లి, ఒక మీట నొక్కాను. తెర మీద తళుక్కున ఒక అక్షరం పడింది. నేను నొక్కితే పడింది! ఒళ్లు ఝల్లుమంది, నా చెయ్యి దానంతటదే కళ్ల దగ్గరకు పోయింది. పిల్లలు గొల్లున నవ్వేశారు. ఆఫీసరుగారు ఇక ఆపుకోలేక కుర్చీలో కూలబడి నవ్వారు.

నవ్వు తగ్గాక పెద్ద మేడంతో, "అమ్మా, ఇది పూజ చేసుకునే వస్తువు కాదు. ఈ అమ్మాయిని ఉంచండి, తాళం ఈవిడకిచ్చెయ్యండి. ఖరాబైతే బాగు చేయించుకుందాం" అన్నారు. పెద్ద మేడం కాసేపు నడుము తడుముకుని, "జర పైలం మేడం" అంటూ తాళం నా చేతిలో పెట్టింది. ఉద్యోగం నిలిచినందుకు ఎగిరి గంతేయాల్సింది పోయి, రేపు నిజంగానే పాఠం చెప్పాలి కదా అని కొత్త భయం పట్టుకుంది.

ఆ తర్వాత ఎన్ని కొత్త మిషన్లు వచ్చాయో, ప్రతిదాని ముందూ నాకు చేతులు చెమట పట్టేవి, ఇప్పటికీ పడతాయి. కానీ అంతటి పిరికిపిల్ల మర్నాడు పొద్దున్నే, పిల్లలెవరూ రాకముందే ఒక్కతే వచ్చి ఆ గది తలుపు తీసింది. ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పుడు భలే ముచ్చటేస్తుంది.