మా నాయన మగ్గానికి బేరం

మా చిన్నబిడ్డ సుజాత ఈ రోజు తన మొదటి గద్వాల చీర నేసి మగ్గం మీంచి దించింది. నూలు చీరకు పట్టు అంచు కలిసేచోట తడిమి చూశాను, ఒక్క పోగు తప్పలేదు.

రెండో చీర మొదలుపెట్టిందో లేదో, కొత్తగా హోటల్ కట్టినాయన వచ్చాడు.

“పెద్దాయనా, గీ పాత మగ్గం అమ్ముతవా? హోటల్ల షోకు పెడ్త. మగ్గం కింది గుంత నేనే పూడ్పిస్త.”

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే బిడ్డ చెయ్యి ఆపకుండా అంది: “నా కాళ్లు గా గుంతల్నే ఉన్నయి సార్. నన్ను గూడ షోకు పెడ్తరా?”

అతను పోయినా నా కోపం దిగలేదు. మా నాయన బతుకంతా కూర్చున్న గుంత అది. నేస్తున్న మగ్గాన్ని బొమ్మను చేస్తానంటే మీరైతే ఏమంటారు?

ఈ కబురు వనపర్తి అక్కకు, నాగర్‌కర్నూల్ బావమరిదికి చెప్పండి. అందరికంటే ముందు, తన ఇంట్లో మగ్గం తీసేసి గుంత మీద బండలు పరిపించిన మా తమ్ముడికి చెప్పండి.